గుల్లకు కట్టిన పన్ను

డాక్టర్ బుచ్చిబాబు పంజాగుట్టలో పళ్ళ డాక్టరు. లోకమంతా ఏడుస్తూ పన్ను కడుతుంటే ఆయనొక్కడే నవ్వుతూ పన్ను కట్టేవాడు. కట్టడమే ఆయన జీవనాధారం మరి! మెట్రో స్తంభాల నీడలో, చీరల దుకాణం మీద మొదటి అంతస్తులో క్లినిక్. కాపురం ఒక్క స్టేషన్ అవతల, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఎక్కడో ఒక బాల్కనీ కనిపిస్తే అదే. "పాతికేళ్ళుగా అమీర్‌పేటలో ఉంటున్నా, ఇంకా అమీరుని కాలేదండీ" అని కుర్చీలో కూర్చున్న ప్రతి పేషెంటుకూ చెప్పేవాడు. అప్పటికి పేషెంటు నోట్లో దూదీ, అద్దమూ, ఉమ్ము లాగే గొట్టమూ ఉండేవి కాబట్టి నవ్వనక్కర్లేని సౌకర్యం ఉండేది.

అంతటి వాగుడుకాయకు ఒక మంగళవారం మధ్యాహ్నం, పెరుగన్నం ముద్ద నోటిదాకా వెళ్ళినది వెళ్ళినట్టే ఆగిపోయి, మాట పడిపోయింది.

అది చెప్పాలంటే ముందు ఆయన పిచ్చి గురించి చెప్పాలి. బుచ్చిబాబుకు రాళ్ళ పిచ్చి. మందు రాయి అంటే రాయి చూపించే రకం. ఏ రాయి పడితే ఆ రాయి కాదు, అమ్మోనైట్లు. తమిళనాట అరియలూరు దాకా సముద్రం ఉన్న రోజుల్లో, అంటే ఇప్పటికి పదికోట్ల ఏళ్ళ కిందట, పొట్టేలు కొమ్ములా చుట్ట చుట్టుకున్న గుల్లల్లో కాపురం చేసిన జీవులవి. జీవి పోయింది, సముద్రమూ పోయింది, గుల్ల మాత్రం రాయిగా మారి మట్టిలో మిగిలింది. వానలు వెలిశాక బుచ్చిబాబు ఏడాదికోసారి అటువైపు పోయి, వాగులు కోసేసిన గట్ల వెంట నడుం పడిపోయేలా వంగి, ఒళ్ళు గుల్ల చేసుకుని గుల్లలు ఏరుకొచ్చేవాడు.

"మనింటికి చుట్టాలు రావడం తగ్గిపోయి చుట్టలు రావడం ఎక్కువైంది" అని భార్య కమలకుమారి గోల. ఆవిడ బ్యాంకు ఆఫీసరు, మాటల్లో పొదుపు. పెళ్ళైన కొత్తలో ఈ జీవి పేరు వినగానే "అమ్మో, నైటు కూడా ఇదే పనా?" అనేసింది. ఆ ఒక్క శ్లేష తనది కాకుండా పోయిందని బుచ్చిబాబుకు ఇప్పటికీ అక్కసు.

ఏరుకురావడం పావు వంతు పని. గుల్లను కరిచిపట్టుకున్న మట్టిరాయిని రేణువు రేణువుగా వదిలించడం మిగతా ముప్పావు. పళ్ళ గార గీకే మెషీనుతోనే ఆయన రాతి గారా గీకేవాడు. చిగుళ్ళ సందున తిరిగే కొక్కెం సూది గుల్ల గీతల సందునా తిరిగేది. మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ అమ్మోనైట్‌ను కుర్చీలో తలగడ మీద పడుకోబెట్టి, లైటు దించి, మాస్కు పెట్టుకుని కూర్చునేవాడు.

క్లినిక్‌లో సాయంగా ఉండే సంగీత మొదట్లో హడలిపోయింది. తర్వాత అలవాటు పడింది. "సార్, గీయన పేరు సుత రాసుకోవాల్నా? వయసెంత ఎయ్యాలె?" అని అడిగేది.

"పదికోట్లు వెయ్యమ్మా."

"గంత పెద్దాయనకు ఇంక పండ్లేడుంటయి సార్? జర ఇడిచిపెట్టరాదు పాపం!"

సరే, ఆ మంగళవారం భోజనం వేళకు వద్దాం. తలుపు తోసుకుని లోపలికి వచ్చినవారు చక్రపాణి మాస్టారు. నలభై ఏళ్ళు భూగర్భశాస్త్రం బోధించి రిటైరై సోమాజిగూడలో ఉంటున్న పెద్దమనిషి. ఒకప్పుడు కింది దవడలో చిన్న దవడపన్ను విరిగి ఈ క్లినిక్‌కు వచ్చారు. అరలో అమ్మోనైట్‌ను చూసి, తెరిచిన నోరు మూయడం మరిచిపోయారు. ఆ విరిగిన పంటికి బుచ్చిబాబు సిమెంటుతో కొత్త తల కట్టాడు. అప్పటినుంచీ ఇద్దరికీ ఒకటే రాళ్ళూ కబుర్లూ. బుచ్చిబాబు కిందటేడు తెచ్చి శుభ్రం చేసిన పళ్ళెమంత అమ్మోనైట్‌ను చూసి, "పరీక్షగా చూడాలయ్యా, నాకివ్వు" అని మాస్టారు ఇంటికి పట్టుకుపోయి చాలా రోజులైంది. ఇప్పుడు దాన్నే తువ్వాలులో చుట్టి, పసిబిడ్డలా చంకనెత్తుకుని వచ్చారు.

"బుచ్చిబాబూ! చరిత్రకెక్కావయ్యా! చరిత్రేమిటి నా మొహం, చరిత్రకు పదికోట్ల ఏళ్ళ ముందుకెక్కావు!"

"కూర్చోండి మాస్టారూ, ఎక్కింది నేనైతే రొప్పుతున్నది మీరేమిటి?"

"కొత్త జాతి! ఇంతవరకు ఎక్కడా, ఎవడూ వర్ణించని జాతి! పుస్తకాలన్నీ తిరగేశాను. వ్యాసం రాసేశాను. పేరు పెట్టే హక్కు నాది కదా, నీ పేరు పెట్టేశాను. లాటిన్ తోక తగిలిస్తే బుచ్చిబాబియై!"

బుచ్చిబాబు కుర్చీలోంచి లేచాడు. లేచినవాడు ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఎంతటి వాళ్ళకూ వీధి పేరో, చౌరస్తా పేరో దక్కుతుంది. ఆయన పేరు మీద ఏకంగా జాతి! ఇంక మనుషులున్నంత కాలం, పుస్తకాలున్నంత కాలం, ఏ దేశపు కుర్రాడైనా ఈ గుల్ల పేరు చదవాలంటే పంజాగుట్ట పళ్ళ డాక్టరును తలుచుకోవాల్సిందే.

"అందరూ జాతికి అంకితమవుతారు మాస్టారూ! జాతే నాకు అంకితమవుతోందా?"

"ఆదివారం మన రాళ్ళ సంఘం సభలో ప్రకటిస్తున్నాను. నా పాత శిష్యులందరికీ ఫోన్లు చేశాను. ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు. ఈలోగా దీనికి కాస్త మెరుగు పెట్టి ఉంచు, శనివారం వచ్చి తీసుకుపోతాను."

"అలాగే. ఇంతకీ దీని గొప్పేమిటండీ?" అంటూ బుచ్చిబాబు ఆగిన భోజనం మళ్ళీ మొదలుపెట్టి ముద్ద కలిపాడు.

మాస్టారు తువ్వాలు విప్పి, అమ్మోనైట్ బయటి అంచున వేలు పెట్టారు. "ఇదిగో, పక్కటెముకల్లాంటి ఈ గీతల మీద వరసగా బుడిపెలు చూడు. లోకంలో ఉన్న జాతులన్నిటికీ బుడిపెకు ఒక్కటే మొన. దీనికి రెండు! రెండింటి మధ్య సన్నటి లోయ. ఆ లోయ కూడా సూటిగా ఉండదు, కుడివైపుకు చిన్న ఒంపు. ప్రతి బుడిపెకూ అంతే! ప్రకృతి చేతిపని చూశావా?"

బుచ్చిబాబు చూశాడు. అదిగో, అప్పుడే ముద్ద ఆగింది.

బయటి మొన పొడుగు, లోపలి మొన పొట్టి. మధ్య లోయ, కుడికి ఒంపు. అది ప్రకృతి చేతిపని కాదు. బుచ్చిబాబు చేతిపని. అచ్చమైన చిన్న దవడపన్ను!

"సంతోషంతో మాట రావడం లేదు కదూ!" అని భుజం తట్టి, మాస్టారు వచ్చినంత హుషారుగానే వెళ్ళిపోయారు.

ఏం జరిగిందంటే, కిందటేడు గుల్ల శుభ్రమయ్యే కొద్దీ అంచున గుంటలు బయటపడుతూ వచ్చాయి. ఒకరోజు ఒకటి, మరోరోజు మరొకటి. పళ్ళ డాక్టరుకు గుంట కనబడితే చెయ్యి ఊరుకోదు. పుప్పి పన్నే అనుకున్నాడా అంటే, అసలేమీ అనుకోలేదు, అదే కదా గొడవ! చెవికి ఫోను, ఫోనులో గ్యాస్ బండ గురించి కమలకుమారి, చేతికి పని. డ్రిల్లు పెట్టి గుంట లోపల శుభ్రం చేశాడు. పంటి సిమెంటులో రాతిపొడి కలిపి రంగు కుదిర్చాడు, గుంట నింపాడు, నీలం లైటు వేసి గట్టిపరిచాడు. చదునుగా వదిలేస్తే పన్ను నమలదని చదువుకునే రోజుల్లో నేర్పారు కాబట్టి పైన మొనలు లేపాడు. నమలడానికి దానికి నోరెక్కడిదని ఆ చేతికి ఎవరు చెప్పాలి?

రాళ్ళ పిచ్చివాళ్ళలో ఒక కట్టుబాటుంది. రాతికి అతుకు పెడితే ఎక్కడ పెట్టావో చెప్పి తీరాలి. బుచ్చిబాబుకు తాను పెట్టింది అతుకన్న ధ్యాసే లేదు. పన్ను బాగుచేసినవాడు ఆ పంటి ఆసామికి చెప్పుకుంటాడు. ఈ గుల్ల ఆసామి ఎప్పుడో పోయె!

"సార్, గట్ల చూస్తున్నరేంది? అన్నంల రాయొచ్చిందా?" అంది సంగీత.

"అన్నంలో కాదమ్మా," అన్నాడు బుచ్చిబాబు నీరసంగా. "రాయిలో అన్నం తినే ఈ చెయ్యి వచ్చింది."

ఆ సాయంత్రం ఇంట్లో కమలకుమారి చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ సంగతంతా విన్నది. విని, ముందుగా ఒక అనుమానం తీర్చుకుంది.

"మీ పేరు పెడుతున్న ఆ జాతి ఇప్పుడు లేదా, ఉందా?"

"అంతరించిపోయింది కమలా."

"హమ్మయ్య."

"నవ్వులాట కాదే! నా పేరు!"

"మీ పేరు సరే. ఆయన పేరో? నోరెళ్ళబెట్టుకుని చూస్తున్నారేం? రేపో ఎల్లుండో ఎవడో తెలివైనవాడు అద్దం పెట్టి చూసి, 'ఇది పంటి సిమెంటు' అంటాడు. అప్పుడు నవ్వులపాలయ్యేది మీరు కాదు, ఆ పెద్దాయన. ఈ వయసులో. తన శిష్యుల ముందు."

"ఎవడు చూస్తాడే అంత పరీక్షగా? రంగు ఎంత బాగా కుదిరిందో తెలుసా? ఆయనకే దొరకలేదు."

"అదే నేననేది. నమ్మకం కొద్దీ దొరకలేదు."

చిక్కుడుకాయ పుటుక్కున విరిగింది. బుచ్చిబాబుకు తనలో ఏదో విరిగినట్టే ఉంది.

బుధవారం ఆయన మాస్టారికి ఫోను చేశాడు. "మాస్టారూ, ఆ బుడిపెల విషయం..." అనేలోపే అవతలినుంచి "ఆ బుడిపెలే దాని ప్రాణమయ్యా! నిన్న రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు" అన్నారాయన. బుచ్చిబాబు "అలాగాండీ" అని పెట్టేశాడు. గురువారం మళ్ళీ చేశాడు. మాస్టారి భార్య ఎత్తి, "ఆయన చాలా ఏళ్ళకు పాత కోటు తీయించి ఇస్త్రీకిచ్చారు నాయనా, నీ పుణ్యమే" అంది. ఆ కోటు మాట విన్నాక ఇంకేం చెబుతాడు? శుక్రవారం ఫోను జోలికే పోలేదు. కుర్చీలో పేషెంటు లేని ప్రతి క్షణం గుల్ల వంక చూస్తూ, బుచ్చిబాబియై, బుచ్చిబాబియై అని లోపల్లోపల అనుకున్నాడు. అనుకున్న కొద్దీ తియ్యగా ఉంది. తీపి ఎక్కువైతే ఏమవుతుందో పళ్ళ డాక్టరుకు వేరే చెప్పాలా? లోపల గుంట పడుతోంది. శిల బాగానే ఉంది, శీలానికే పుప్పి పట్టేలా ఉంది.

శనివారం మధ్యాహ్నం మాస్టారు వచ్చారు. కొత్తగా క్షవరం చేయించుకున్నారు. బుచ్చిబాబు గుల్లను ఆయన చేతికివ్వలేదు. రెండు చేతులూ దానిమీద పెట్టి, ఊపిరి తీసుకోకుండా గబగబా చెప్పేశాడు: "మాస్టారూ, ఆ రెండు మొనలూ దానివి కావు. నేను పెట్టినవి. గుంటలుంటే సిమెంటు పెట్టి పూడ్చాను. మీకు చెప్పాలని తోచలేదు. క్షమించండి."

మాస్టారు కళ్ళు చికిలించి చూశారు. తర్వాత నవ్వారు. "వినయం ఉండాలయ్యా. కానీ మరీ ఇంతా?"

"వినయం కాదు మాస్టారూ, సిమెంటు!"

"నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. రాయేదో, పూతేదో తెలియనివాణ్ణా? నీ పేరు పెడుతున్నానని బెదిరిపోయినట్టున్నావు. ముందు మంచినీళ్ళు తాగు."

"అది చిన్న దవడపన్ను మాస్టారూ. నేను కట్టే పద్ధతే అది. ఒంపు కుడికి పోవడం నా చేతి వాటం."

"ఇక్కడ సముద్రం సంగతి మాట్లాడుతుంటే నీ చేతి వాటం ఏమిటయ్యా!" ఈసారి గొంతులో విసుగు. "ఇయ్యి ఇటు."

ఆయన గుల్లను లాగబోయారు. బుచ్చిబాబు వదల్లేదు. ఇద్దరు పెద్దమనుషులు ఒక చచ్చిన జీవి కోసం చెరోవైపు పట్టుకుని లాక్కుంటుంటే సంగీత తలుపు దగ్గర నిలబడిపోయింది.

"సార్, జర పైలం! పలుగుతది!"

ఆ కేకకు ఇద్దరూ ఆగారు. బుచ్చిబాబు గుల్లను మెల్లగా కుర్చీ తలగడ మీద పెట్టాడు.

"మాస్టారూ, ఒక్క మాట వినండి. కింది ఎడమ దవడలో మీకు నేను కట్టిన పన్నుంది కదా. నాలుకతో దాన్ని తడమండి."

"ఎందుకు?"

"తడమండి. నాలుక అక్కడే ఉంచి, చూపుడు వేలితో ఈ బుడిపెను తడమండి."

మాస్టారు ఏదో అనబోయి మానుకుని, నోరు మూశారు. చెంప లోపల నాలుక నడుస్తున్న జాడ బయటికి కనిపించింది. వేలు రాతి మీద నడిచింది. పొడుగు మొన. లోయ. పొట్టి మొన. ఒంపు దగ్గర వేలు కుడికి తిరిగింది, చెంపలో నాలుకా తిరిగింది. రెండూ ఒక్కసారే ఆగాయి.

మాస్టారి మొహంలోంచి నెత్తురంతా ఎవరో గొట్టం పెట్టి లాగేసినట్టయింది. ఆయన వేలు తీయలేదు. మరో బుడిపె మీదికి వెళ్ళింది. మళ్ళీ అదే. ఇంకో బుడిపె, మళ్ళీ అదే.

"అంటే," అన్నారు చివరికి, మాటలు వెతుక్కుంటూ. "నేను వర్ణించింది... నా పన్నునా?"

బుచ్చిబాబు తలొంచుకున్నాడు.

"అందరికీ ఫోన్లు చేశాను." మాస్టారు వేలు వెనక్కి తీసుకున్నారు. "రేపు పొద్దున వాళ్ళందరి ముందు నిలబడి, నా నోట్లో పన్నును సముద్రంలో దొరికిందని చెప్పబోతున్నానా?"

ఆయన వెనక్కి తడుముకుని పేషెంటు కుర్చీ అంచున కూలబడ్డారు. సంగీత నీళ్ళు తెచ్చింది. తాగలేదు. కింద చీరల దుకాణం ముందు ఆటోవాడు ఎవరితోనో గొడవపడుతున్నాడు.

"తియ్యి," అన్నారు మాస్టారు.

"ఏమిటండీ?"

"నువ్వు పెట్టిందంతా తీసెయ్యి. ఇప్పుడే. నా కళ్ళముందు. గుల్ల ఎలా దొరికిందో అలా నాకు కనబడాలి. లేకపోతే ఇంక దేన్ని చూసినా నాకు నమ్మకం కుదరదు."

లైటు దిగింది. డ్రిల్లు గీమంది. సంగీత దుమ్ము లాగే గొట్టం పట్టుకుని, అలవాటు కొద్దీ "సార్, మత్తు సూది?" అని నాలిక్కరుచుకుంది.

"ఉంటే నాకియ్యమ్మా," అన్నారు మాస్టారు.

సిమెంటుకీ రాయికీ తేడా కంటికి తెలియకపోయినా డ్రిల్లుకు తెలుస్తుంది, సిమెంటు మెత్తగా పోతుంది. ఒక్కో బుడిపె పొడి అయి గొట్టంలోకి పోయింది. రెండు మొనల ఆ జాతి కళ్ళముందే, ఇంకోసారి, అంతరించిపోతోంది. బుచ్చిబాబుకు తన పేరు అక్షరం అక్షరంగా ఊడిపోతున్నట్టుంది. ఒక వైపు అయ్యాక గుల్లను తిప్పి రెండోవైపూ తీశాడు. చివరికి డ్రిల్లు ఆపి, గాలి ఊది, మాస్కు కిందికి లాగి చూశాడు.

ఆయన ఇంతకుముందెన్నడూ ఆ గుంటలన్నిటినీ ఒక్కసారిగా చూడలేదు. పళ్ళ డాక్టరు ఎప్పుడూ ఒక్క పన్నే చూస్తాడు. రోజుకొక గుంట కనబడటం, ఆరోజే పూడ్చేయడం అలాగే జరిగింది. ఇప్పుడు అన్నీ ఒకేసారి నోరు తెరుచుకుని ఉన్నాయి.

వరసగా ఉన్నాయి. వంపుగా, లాడం ఆకారంలో. ముందు చిన్నవి, పక్కలకు పోయే కొద్దీ పెద్దవి.

బుచ్చిబాబు గుల్లను తిప్పాడు. రెండోవైపూ అదే వంపు, కాస్త ఇరుకుగా. మళ్ళీ తిప్పాడు. ఆ ఆకారం ఆయన రోజూ చూసేదే. మైనపు ముద్ద ఇచ్చి "గట్టిగా కొరకండి" అని పేషెంటుకు చెప్పి, బయటికి తీసి చూస్తే పైనా కిందా ఇలాగే ఉంటుంది.

"మాస్టారూ," అన్నాడు. "ఇవి గుంటలు కావు. ఎవరో దీన్ని కొరికారు."

"ఏమన్నావు?"

"పంటి గాట్లు మాస్టారూ! పై దవడ ఇటు, కింది దవడ అటు. ఇంత పెద్ద నోరు మనిషిది కాదు, మొసలిదీ కాదు. నోటికి అడ్డంగా పట్టుకుని, ఒక్కసారి నొక్కింది."

మాస్టారు కుర్చీలోంచి ఎలా లేచారో తెలియదు. భూతద్దం కంటికీ, కన్ను రాతికీ ఆనించేశారు. "ఆ సముద్రంలో పెద్ద పెద్ద బల్లులుండేవయ్యా," అన్నారు గుసగుసగా. "బస్సంత బల్లులు. వాటి పళ్ళు విడిగా దొరికాయి గాని..." అద్దం దింపి బుచ్చిబాబు వైపు చూశారు. "అంటే నువ్వు..."

"పంటి గాట్లకు పళ్ళు కట్టాను," అన్నాడు బుచ్చిబాబు. తన నోటివెంట వచ్చిన మాట తన చెవికే వెర్రిగా వినిపించింది. లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా తనకు తెలియాలి. పాతికేళ్ళుగా పళ్ళు తప్ప మరొకటి చూడనివాడు, పళ్ళను చూసి పోల్చుకోలేకపోయాడు!

"వ్యాసం పోతే పోయింది!" మాస్టారి మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. "పేరు పోతే పోయింది! కొత్త జాతి కన్నా ఇదే పెద్ద సంగతి! ఒక జీవిని ఇంకో జీవి..." అంటూ మళ్ళీ అద్దం పెట్టినవారు సగంలో ఆగిపోయారు. వరసలో ఒక గుంట చూశారు. పక్కదాన్ని చూశారు. గుల్లను తిప్పి అటువైపువీ చూశారు.

"బుచ్చిబాబూ, గుంటల లోపల ఇంత నున్నగా ఉందేమయ్యా? కాటు పడ్డ గుల్ల లోపలికి చితికి ఉండాలి కదా, పలుకులు పలుకులుగా?"

"సిమెంటు పెట్టేముందు..."

"ఊఁ?"

"గుంటను డ్రిల్లుతో శుభ్రం చేస్తామండి. పుప్పి మిగలకుండా. పలుకులు గిలుకులు లేకుండా."

"అన్నిటికీనా?"

"శుభ్రంగా చేశానండీ."

తనింత శుభ్రంగా ఎందుకు పనిచేస్తాడో ఆయనకు జీవితంలో మొదటిసారి అర్థం కాలేదు. పదికోట్ల ఏళ్ళు మట్టి దాచిన చితికిన పలుకులను ఫోనులో గ్యాస్ బండ గురించి మాట్లాడుతూ గీకి పారేశాడు.

"ఇప్పుడు రేపు నేను సభలో నిలబడి ఇది బల్లి కాటు అంటే," అన్నారు మాస్టారు, ఒక్కో మాటా విడివిడిగా, "ఎవడైనా లేచి, 'బల్లి కాటా, బుచ్చిబాబు కాటా' అని అడుగుతాడు. ఏం చెప్పమంటావు?"

పక్కన సంగీత గొట్టం ఆపడం మరిచిపోయింది. అది ఉత్త గాలినే లాగుతోంది.

"సార్," అంది ఉన్నట్టుండి, లైటు కింద గుల్ల అంచు చూపిస్తూ. "గీడ ఒకటి ఇంక మిగిలింది సూడుండ్రి. తియ్యలే మీరు."

నిజమే. రెండోవైపు వంపు చివరలో, నీడ పడే చోట, ఒక్క బుడిపె అలాగే ఉంది. మిగతావాటిలా కుదురుగా లేదు, పక్కకు ఒరిగిపోయి, అంచులు అతకకుండా, పనిచేసినవాణ్ణి తిట్టుకోవాలనిపించేట్టుంది. బుచ్చిబాబు చూడగానే గుర్తుపట్టాడు. ఆరోజు బుగ్గ వాచిన పేషెంటొకడు గుమ్మంలో నిలబడి కేకలు పెడుతుంటే, డ్రిల్లు కూడా పెట్టకుండా, లోపలి మట్టిరాయి తీయకుండా, పైన సిమెంటు మెత్తి లైటు వేసి పరుగెత్తాడు. మనిషి పంటికి అలా చేసుంటే సిగ్గుతో చచ్చిపోవాల్సిన పని.

"మాస్టారూ! దీనికి డ్రిల్లు పెట్టలేదు!" అంటూ చటుక్కున డ్రిల్లు అందుకుని, కాలితో మీట తొక్కబోయాడు.

"చెయ్యి తియ్యి!"

ఆ కేకకు సంగీత చేతిలో గొట్టం కింద పడింది. మాస్టారు బుచ్చిబాబు మణికట్టు పట్టుకున్నారు. అంత బలం ఆ చేతిలో ఉందని ఎవరూ అనుకోరు. డ్రిల్లు లాక్కుని దూరంగా పెట్టి, బుచ్చిబాబును భుజాలు పట్టి తిప్పి, పేషెంటు కుర్చీలో కూర్చోబెట్టారు. తాను డాక్టరు స్టూలు మీద కూర్చుని గుల్లను ఒళ్ళోకి తీసుకున్నారు.

"సన్న సూది ఇయ్యమ్మా. మెషీన్లేవీ వద్దు."

సిమెంటు మూత అంచుకింద సూదిమొన దూర్చి, కొంచెం కొంచెంగా కదిలించారు. అతకని పని కాబట్టి టక్కున పెచ్చుగా లేచొచ్చింది. కింద బూడిదరంగు మట్టిరాయి, ఎవరూ ముట్టనిది. దాన్ని గీకలేదు, గిల్లలేదు. ఒక్కో రేణువునూ సూదితో పలకరించి పక్కకు జరిపారు. చాలాసేపటికి గుంట పైఅంచు బయటపడింది. నున్నగా లేదు. గుల్ల పొర పెంకులు పెంకులుగా విరిగి, లోపలికి కుంగి ఉంది. ఏదో మొనదేలినది పైనుంచి బలంగా దిగినట్టు.

మాస్టారు సూది ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"రేపు మాట్లాడేది నేను కాదు," అన్నారు తలెత్తకుండా. "నువ్వు. గుల్లను అందరికీ చూపించి, ఇవన్నీ నేను పాడుచేసినవి, ఇదొక్కటీ నేను ముట్టనిది అని చెప్పు. అప్పుడే దీన్ని నమ్ముతారు."

బుచ్చిబాబుకు రేపటి సభ కళ్ళకు కట్టింది. ముందు వరసలో ఎక్కడెక్కడినుంచో వచ్చిన శిష్యులు. ఇస్త్రీ కోటులో మాస్టారు. నిలబడి, తన చేత్తో తాను చేసిన ముక్క ముక్కా విప్పి చెప్పుకోవాల్సిన తాను. జాతికి తన పేరుండదు. ఈ కథకు మాత్రం ఉంటుంది.

"చెబుతాను మాస్టారూ," అన్నాడు.

బయట గుమ్మం దగ్గర ఎవరో చెంప పట్టుకుని మూలుగుతూ "డాక్టర్ సాబ్ ఉన్నడా?" అంటున్నారు. సంగీత తలుపు సగం తీసి, వేలు పెదాల మీద పెట్టి, "జర ఆగుండ్రి, లోపల పెద్ద కేసున్నది" అంది.

"ఇంకా లోతుంది," అన్నారు మాస్టారు, సూది మళ్ళీ దించుతూ. "అడుగున మట్టి పొడిపొడిగా ఉంది, ఎగిరిపోతుంది. కదలకు. ఊపిరి వదలకు."

తన క్లినిక్‌లో, తన కుర్చీలో, తన లైటు కింద, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, డాక్టర్ బుచ్చిబాబు ఊపిరి బిగబట్టాడు.